సబ్బు కాగితం వెనక ఏముంది?



ఈసారి గోడపత్రికకి నేను కథ గానీ గేయం గానీ ఇవ్వలేదు. సబ్బుల గురించి, క్రీముల గురించి రాశాను. "ఇదేటి విషయమే" అని నవ్వకండి. మన హాస్టల్లో తిండి తర్వాత ఎక్కువ మాటలు దేని మీద నడుస్తాయో మీకు తెలియనిది కాదు. నా సబ్బు మంచిది, నీ సబ్బు మంచిది కాదు. ఆ క్రీము రాస్తే వారంలో తెల్లబడతారు, ఈ పౌడరు రాస్తే మొటిమలు పోతాయి. పొద్దున్న కుళాయి దగ్గర వరసలో ఇదే మాట, రాత్రి స్టడీ అవరు అయ్యాక ఇదే మాట. కాస్మెటిక్ చార్జీలు వచ్చిన వారమైతే మరీను.

ఇన్ని మాటలు చెప్పుకుంటాం గానీ కాగితం వెనక్కి తిప్పి చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. ముందు వైపు సినిమా ఆమె బొమ్మ, పెద్ద పెద్ద అక్షరాలు. వెనక వైపు చీమల బారులాగ సన్నటి ఇంగ్లీషు. మా అమ్మ సంతలో సబ్బు కొంటే బొమ్మ చూసి, రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి కొంటుంది. అమ్మకి చదువు రాదు, అది ఆమె తప్పు కాదు. మన ఊళ్ళల్లో అమ్మలు చాలామంది అంతే. మరి మనకి చదువు వచ్చు గదా. మనం కూడా బొమ్మ చూసే కొంటే బడికి వచ్చి ఏం లాభం?

అందుకని మా తొమ్మిదో తరగతి వాళ్ళం బాత్రూముల దగ్గర పారేసిన సబ్బు కాగితాలు, ఖాళీ డబ్బాలు, పిండేసిన ట్యూబులు అన్నీ ఏరి ఒక అట్టపెట్టెలో పోగేశాం. బయాలజీ మేడం ల్యాబు నుంచి భూతద్దం ఇచ్చారు. అర్థం కాని మాటలు ఆమెని అడిగాం. అలా తెలిసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు చర్మం సంగతి

చర్మం పైపొర మన ఊరి రాతిగోడ లాంటిదని మేడం చెప్పారు. రాళ్ళు కణాలు. రాళ్ళ మధ్య మట్టి మెత్తినట్టు కణాల మధ్య కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వు పోతే గోడకి సందులు పడతాయి, లోపలి తడి బయటికి పోతుంది. చలికాలంలో మన కాళ్ళ మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతుంది చూడండి, అదే.

చర్మం లోపల సన్నటి నూనె గ్రంథులు కూడా ఉన్నాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో ఇవి అసలు ఉండవు. అందుకే మడమలు అంత తొందరగా పగులుతాయి. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర ఎక్కువగా ఉంటాయి. మన వయసులో హార్మోన్లు పెరిగి ఈ గ్రంథులు జోరుగా పనిచేస్తాయి. ఆరో తరగతి చెల్లెళ్ళ ముఖాలు నున్నగా ఉండి, మన ముఖాల మీద మొటిమలు రావడానికి ముఖ్య కారణం ఇదే. ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చాయని పెద్దవాళ్ళు తిడతారు గాని అది పూర్తిగా నిజం కాదు.

మీది ఏ రకం చర్మమో తెలుసుకోవడం సులువు. ఆదివారం పొద్దున్న ముఖం కడుక్కుని, మెత్తగా తుడుచుకుని, పౌడరు క్రీము ఏమీ రాయకుండా ఒక గంట ఉండండి. తర్వాత పల్చటి కాగితం ముక్క తీసుకుని నుదుటి మీద, ముక్కు మీద, రెండు బుగ్గల మీద అద్దండి. అన్ని చోట్లా కాగితానికి జిడ్డు అంటితే జిడ్డు చర్మం. ఎక్కడా అంటకుండా ముఖం బిగదీసినట్టు ఉంటే పొడి చర్మం. ముక్కు, నుదురు దగ్గర అంటి బుగ్గల దగ్గర అంటకపోతే రెండూ కలిసిన చర్మం. మా గదిలో ఎక్కువమందికి ఇదే వచ్చింది. ఇవి కాక, ఏది రాసినా మండి, ఎర్రబడే చర్మం కొందరికి ఉంటుంది. వాళ్ళు వాసన వస్తువులకి దూరంగా ఉండాలి.

ఇంకో మాట. ఈ రకం ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఏప్రిల్లో జిడ్డు కారే ముఖం డిసెంబరులో పొడిగా అవ్వచ్చు. ఇందులో నలుపు, తెలుపు అనే రకాలు లేవు. నల్లటి చర్మంలోనూ జిడ్డుది ఉంటుంది, పొడిది ఉంటుంది. తెల్లటి చర్మమూ అంతే. దీని గురించి తర్వాత మళ్ళీ రాస్తాను.

సబ్బు

నూనెనో కొవ్వునో కాస్టిక్ సోడాతో కలిపితే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. కాగితం మీద సోడియం పామేట్ అని ఉంటే పామాయిలు నుంచి చేసిన సబ్బు. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనెది. సోడియం టాలోయేట్ అంటే జంతువుల కొవ్వుది. ఇన్ని పేర్లు చూసి భయపడ్డాం గాని తీరా చూస్తే అన్నీ వంటింటి సరుకులే.

తర్వాత టి.ఎఫ్.ఎమ్. అని మూడు అక్షరాలు, పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ సబ్బులో మొత్తం కొవ్వు పదార్థం నూటికి ఎంతో అది చెబుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోప్ అని రాయాలంటే గ్రేడ్ 1కి కనీసం 76 శాతం, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60 ఉండాలి. బేతింగ్ బార్ అని రాసి ఉంటే 40 ఉన్నా చాలు. మా అట్టపెట్టెలో రెండు రకాలూ దొరికాయి. ముందు వైపు బొమ్మలు చూస్తే మటుకు ఏది ఏదో కనిపెట్టడం కష్టం! అంకె తక్కువైతే మిగతాది సుద్దపొడి లాంటి నింపుడు సరుకు కావచ్చు. అలాంటి సబ్బు తొందరగా నాని ముద్దయిపోతుంది. నెలాఖరు వరకు రావాలంటే అంకె చూసి కొనండి. అయితే బేతింగ్ బార్లన్నీ చెడ్డవని అనకూడదు. కొన్నిటిలో సబ్బుకి బదులు మెత్తగా శుభ్రం చేసే వేరే పదార్థాలు వాడతారు.

అంకె ఎంత పెద్దదైనా సబ్బు సబ్బే. తడిపిన సబ్బుకి ఎర్ర లిట్మస్ కాగితం అద్దితే నీలం అయిపోయింది, మీరూ చేసి చూడండి. మన చర్మం పైభాగం కొంచెం ఆమ్లం, దాని పి.హెచ్. సుమారు 5. సబ్బుది 9 నుంచి 10. సబ్బుతో రుద్దిన ప్రతిసారీ మురికితో పాటు గోడలో మట్టి కూడా కొంత కొట్టుకుపోతుంది. పొడి చర్మం వాళ్ళు రోజుకి ఒకసారి, చంకలు, పాదాలు, చెమట పట్టే చోట్ల రుద్దుకుంటే చాలు, ఒళ్ళంతా మూడుసార్లు రుద్దనక్కరలేదు. గ్లిజరిన్ అని రాసి ఉన్న సబ్బు వాళ్ళకి మంచిది. జిడ్డు ముఖం వాళ్ళు కూడా రోజుకి రెండుసార్లు మించి సబ్బు పెట్టకూడదు. ఆరేడుసార్లు కడిగేవాళ్ళు మన హాస్టల్లో ఉన్నారు, కుళాయి దగ్గర వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళకి బాగా తెలుసు. అలా కడిగితే జిడ్డు తగ్గదు, చర్మం మండి ఇంకా పాడవుతుంది.

నెలాఖరులో సబ్బు అయిపోయి బట్టల సబ్బుతో స్నానం చేసేవాళ్ళు ఉన్నారు. డబ్బు లేక చేస్తారు, అందుకు నేను ఎవరినీ ఏమీ అనను. కాని బట్టల బిళ్ళలో వాషింగ్ సోడా లాంటివి ఉంటాయి, అవి చర్మాన్ని కోస్తాయి. దానికంటే ఉత్త నీళ్ళతో స్నానం చేసి, చేతులకి, పాదాలకి పక్కవాళ్ళ ఒంటిసబ్బు అడిగి పెట్టుకోవడం నయం.

ఇంగ్లీషులో హెర్బల్ అనీ, చందనం అనీ, పసుపు అనీ రాసినవి కూడా చూశాం. సరుకుల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత రాయాలని నియమం. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి మాత్రం చివర్లో ఎలాగైనా రాసుకోవచ్చు. మేం చూసిన ఒక కాగితం ముందు వైపు సగం ఆకులే! వెనక చూస్తే ఆ ఆకు పేరు సెంటు పేరు కంటే కూడా తర్వాత ఉంది. దాన్ని చూసి మా గది వాళ్ళం చాలాసేపు నవ్వుకున్నాం. మన ఊళ్ళల్లో ఏరి జి.సి.సి. వాళ్ళకి అమ్మే కుంకుడుకాయ నయం. దానిలో నురగ ఇచ్చే సపోనిన్ అనే పదార్థం కాయలోనే ఉంటుంది, కాగితం చదవక్కరలేదు. కళ్ళల్లో పడితే మాత్రం ఊరుకోదు.

చలికి పగిలే ఒళ్ళు

మన ఏజెన్సీలో చలి ఎలాంటిదో చెప్పాలా? లంబసింగి, చింతపల్లి వైపు వాళ్ళు డిసెంబరు, జనవరుల్లో పది డిగ్రీల కంటే కిందికి దిగిన చలి ఎన్నోసార్లు చూశారు. చలిగాలిలో తడి తక్కువ. పెదాలు చిట్లుతాయి, మడమలు పగిలి నెత్తురు వస్తుంది. ఇప్పుడు క్రీముల అవసరం నిజంగా ఉంది.

పొడి చర్మం క్రీముల్లో ఎన్ని పేర్లున్నా చేసే పనులు మూడే. ఒకటి నీటిని పట్టి ఉంచడం. గ్లిజరిన్, యూరియా ఆ పని చేస్తాయి. (పొలంలో చల్లే యూరియాలో ఉండే పదార్థమే, కాని క్రీములో శుభ్రం చేసింది, కొలతగా వేస్తారు. చేను దగ్గరది తెచ్చి రాసుకోకండే!) రెండోది గోడ సందుల్లో మట్టి మెత్తడం. స్టియరిక్ ఆసిడ్, రకరకాల నూనెలు ఆ పని చేస్తాయి. మూడోది పైన మూత వేయడం. వేజ్‌లీన్ ఇలాంటిదే. కాగితం మీద పెట్రోలేటం అనో పెట్రోలియం జెల్లీ అనో ఉంటుంది. అమెరికాలో పెట్రోలియం బావుల దగ్గర పనివాళ్ళు గొట్టాలకి అంటుకున్న జిడ్డుని గాయాలకి రాసుకునేవారు. చీజ్‌బ్రో అనే ఆయన అది చూసి, దాన్ని శుభ్రం చేసి 1872లో పేటెంటు తీసుకున్నాడు. అప్పట్నించి ఇప్పటిదాకా అదే సరుకు.

మూతకి ఒక గుణం ఉంది. కుండలో నీళ్ళు లేకుండా మూత పెడితే ఏం ఉపయోగం? అందుకని వేజ్‌లీను, కొబ్బరినూనె ఎండిన ఒంటి మీద కాకుండా స్నానం అయిన వెంటనే, కొంచెం తడి ఉండగానే రాయాలి. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు నీళ్ళలో నానబెట్టి, వేజ్‌లీను రాసి, పాత సాక్సులు వేసుకుంటే పగుళ్ళు తొందరగా కూడతాయి. ఇది మా గదిలో పరీక్ష చేసి చూసిందే.

మా అమ్మమ్మ ఎప్పుడూ క్రీము డబ్బా ఎరగదు. చలికాలం వస్తే ఇప్ప పలుకుల నూనె రాస్తుంది. చలికి అది గడ్డకట్టి నెయ్యిలాగ ఉంటుంది. నిప్పుల దగ్గర పెట్టి కరిగించి మా కాళ్ళకి పామేది. వాసన బాగోదని మేం పారిపోయేవాళ్ళం. ఇప్పుడు తెలిసిందేమంటే, క్రీము కాగితం మీద ఉన్న స్టియరిక్ ఆసిడ్ ఇప్ప నూనెలో కూడా బాగానే ఉంటుంది. అమ్మమ్మకి ఆ పేరు చెబితే "అలగా" అని ఊరుకుంది. ఆవిడకేమీ ఆశ్చర్యం లేదు.

ఒళ్ళంతా నూనె మంచిదే గాని మొటిమలున్న ముఖానికి కొబ్బరినూనె వద్దు. నూనె గ్రంథుల రంధ్రాలు మూసుకుపోతే మొటిమ వస్తుంది, కొబ్బరినూనె వాటిని ఇంకా మూస్తుంది. తలకి ఎక్కువ నూనె పెట్టి నుదుటి మీదికి కారనిచ్చినా అంతే. జిడ్డు ముఖానికి కూడా చలికాలంలో క్రీము కావాలనిపిస్తే గ్లిజరిన్ ముందుగా ఉండి నూనెలు తక్కువున్నది చూసుకోవాలి. మొటిమలకి నిజంగా పనిచేసే సరుకుల పేర్లు బెంజాయిల్ పెరాక్సైడ్, సాలిసిలిక్ ఆసిడ్. బెంజాయిల్ పెరాక్సైడ్ మొటిమల్లో ఉండే బాక్టీరియాని చంపుతుంది, 2.5 శాతంది సరిపోతుంది. అది తగిలిన తువ్వాలు రంగు వెలిసిపోతుంది, జాగ్రత్త. సాలిసిలిక్ ఆసిడ్ రంధ్రాలు తెరుస్తుంది. రెండూ మొదట్లో చర్మాన్ని ఎండబెడతాయి, కాబట్టి ఏ.ఎన్.ఎం. మేడంని అడిగి, కొంచెంగా మొదలుపెట్టాలి. పళ్ళపేస్టు మాత్రం పళ్ళకే. మొటిమ మీద పెడితే మండి, మచ్చ పడుతుంది. నిమ్మకాయ రసం కూడా అంతే. అది రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్లబడవచ్చు.

తెల్లబడే క్రీములు

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. మీరు ఓపిగ్గా చదవాలి.

చర్మం రంగు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్య నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ దాదాపు ఒక్కటేనట. అవి ఎంత మెలనిన్ చేస్తాయి, ఏ రకం చేస్తాయి అన్నదే తేడా. మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలని ఆపుతుంది. పగలంతా పోడు చేలల్లో, పసుపు తోటల్లో వంగి పనిచేసే మన అమ్మల వీపుల మీద అది గొడుగు. ఆ గొడుగు తీసేస్తామని డబ్బులు పుచ్చుకుంటున్నారు.

మన దేశంలో 1975లో ఫేర్ అండ్ లవ్లీ అనే క్రీము వచ్చింది. 45 ఏళ్ళు ఆ పేరుతోనే అమ్మి, 2020లో ఫేర్ అనే మాట తీసేసి గ్లో అండ్ లవ్లీ అన్నారు. డబ్బా వెనక చూస్తే నియాసినమైడ్ అని ఉంటుంది. అది బి3 విటమిను. మచ్చలు కొంచెం తగ్గిస్తుంది, ఎండని ఆపే పదార్థాలు కూడా ఉంటాయి. పుట్టిన రంగు మార్చదు. చాలా క్రీముల్లో, పౌడర్లలో సి.ఐ. 77891 అని ఒక అంకె కనిపిస్తుంది. అది టైటానియం డయాక్సైడ్, తెల్లరంగు పొడి. రాసిన వెంటనే తెల్లగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. ముఖం కడిగితే పోతుంది. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి థింసా ఆడేటప్పుడు మన ముఖాలు మెడ దాకా తెల్లగా, మెడ కింద మన రంగుగా ఉంటాయి చూశారా? ఫోటోలో అలాగే పడింది. ఎవరు మొదలుపెట్టారో గాని నాకు అది నచ్చలేదు.

ఇవి డబ్బు దండగ, అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదం ఉన్నవి వేరే.

మన హాస్టల్లో ఒక అక్క ఉంది, పేరు రాయను, ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వేసవి సెలవుల్లో వాళ్ళ ఇంట్లో పెళ్ళి ఉందని, తెల్లబడాలని ఒక ట్యూబు కొనిచ్చారు. సంతలో ఒక దుకాణం అతను "రాసేస్తే పది రోజుల్లో తేడా చూడండమ్మా" అన్నాడట. నిజంగానే తేడా వచ్చింది. ముఖం మెరిసింది, అందరూ అడిగి రాసుకున్నారు. రెండు నెలలకి బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎండలోకి వస్తే మంట. సన్నటి నెత్తురు దారాలు కనిపించాయి, నూగు వెంట్రుకలు వచ్చాయి, గింజల్లాంటి మొటిమలు నిండా వచ్చాయి. మానేస్తే ఇంకా మండిపోతోందని మళ్ళీ అదే రాసుకుంది. ప్రార్థనకి చున్నీ కప్పుకుని వచ్చేది, మనలో కొందరు నవ్వారు కూడా.

ఆ ట్యూబు మా అట్టపెట్టెలోకి వచ్చింది. భూతద్దంతో చూస్తే మూడు పేర్లు ఉన్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. అది ముఖానికి రాసుకునే అలంకరణ క్రీము కాదు, మందు. మొమెటాసోన్ అనేది స్టెరాయిడ్. చర్మం ఎర్రబడి వాచే జబ్బులకి డాక్టర్లు కొద్ది రోజులకి రాసిస్తారు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఆ అక్కకి వచ్చినవన్నీ వస్తాయి. ట్యూబు మీద ఎర్ర గీత కూడా ఉంది. ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులని ఈ చీటీ లెక్కలోకి చేర్చింది. అయినా సంతలో కొబ్బరినూనె సీసాల పక్కనే పెట్టి అమ్ముతున్నారు.

ఈ పేర్లు నోటికి పట్టండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్. చివర్లో సోన్ అని గానీ సోల్ అని గానీ వినిపిస్తే ఆగి అడగండి. ఇప్పటికే నెలల నుంచి రాస్తున్నవాళ్ళు ఉంటే దాచుకోవద్దు. ఒక్కసారిగా మానితే మంట ఎక్కువవుతుంది, కాబట్టి డాక్టరుకి ట్యూబు చూపించి ఆయన చెప్పినట్టు మానాలి. ఆ అక్క ఇప్పుడు అలాగే మానుతోంది. నెమ్మదిగా తగ్గుతోంది.

ట్యూబు మీద పేరైనా ఉంది. ఏ పేరూ లేని డబ్బాలు ఇంకా అన్యాయం. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలుపుతారు. పాదరసం మెలనిన్‌ని తయారుకానివ్వదు గాని చర్మంలోంచి నెత్తుట్లోకి పోయి మూత్రపిండాలని పాడుచేస్తుంది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆస్పత్రి డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన ఒక రకం మూత్రపిండాల జబ్బు రోగులు 22 మందిని పరీక్షించారు. వారిలో 15 మందికి అరుదుగా కనిపించే ఒకే గుర్తు కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్ళే. కాళ్ళు వాచి, మూత్రంలో నురగ వచ్చి ఆస్పత్రికి చేరారు. డబ్బా మీద తయారుచేసినవాళ్ళ చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉండాలి. ఇవి లేకపోతే ఎంత వాసనొచ్చినా ముట్టకండి. మెర్క్యురీ, మెర్క్యురస్, కేలొమెల్ అని ఉన్నా పాదరసమే.

ఒకేలా కనిపించే మూడు ట్యూబులు

మన హాస్టల్లో దురద వస్తే మొదట చేసే పని, పక్క మంచం వాళ్ళ ట్యూబు అడిగి రాసుకోవడం. అన్నీ తెల్లటి ట్యూబులే, అన్నీ తెల్లటి మందే. లోపలున్నది మాత్రం వేరు.

గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలుగా ఉండే మచ్చ తామర. అది శిలీంధ్రం వల్ల వస్తుంది. దానికి క్లోట్రిమజోల్ లాంటి, చివర జోల్ అని వచ్చే మందు. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా డాక్టరు చెప్పినన్ని రోజులు రాయాలి. స్టెరాయిడ్ కలిపిన ట్యూబు రాస్తే దురద రెండు రోజుల్లో పోతుంది, అందరూ మంచి మందు అంటారు. కాని లోపల తామర చచ్చిపోదు, పాకుతుంది. కాబట్టి జోల్ పక్కన సోన్ కూడా ఉందేమో చూడాలి.

వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ, రాత్రయితే ఎక్కువయ్యే దురద గజ్జి. ఇది కంటికి కనిపించనంత చిన్న పురుగు చర్మంలో సొరంగం తవ్వడం వల్ల వస్తుంది. దీనికి సబ్బు పనిచేయదు, క్లోట్రిమజోల్ పనిచేయదు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము కావాలి. మెడ నుంచి అరికాళ్ళ దాకా, గోళ్ళ కింద కూడా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడగాలి. వారం తర్వాత ఇంకోసారి.

వార్డెన్ మేడం గారికి మా తొమ్మిదో తరగతి వాళ్ళ మనవి ఒకటి ఉంది. కిందటి చలికాలంలో గజ్జి ఉన్నవాళ్ళకే మందు ఇచ్చారు. వాళ్ళకి తగ్గింది, పక్కవాళ్ళకి మొదలైంది, మళ్ళీ వీళ్ళకి వచ్చింది. ఒకే దుప్పట్లో ఇద్దరం పడుకుంటాం గదా. పురుగు ఒంట్లో చేరిన కొన్ని వారాల దాకా దురద తెలియదు. అందుచేత దురద ఉన్నా లేకపోయినా ఒక గదిలో అందరికీ ఒకే రాత్రి రాయాలి. పెద్ద పిల్లకి 30 గ్రాముల ట్యూబు ఒకటి ఒకసారికి సరిపోతుంది, వారం తర్వాతదానికి ఇంకొకటి కావాలి. ఆ మర్నాడు దుప్పట్లు, లోబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండెయ్యాలి. ఉతకలేనివి సంచిలో మూతి కట్టి వారం పక్కన పెట్టాలి. మందు రాశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది, మందు పనిచేయలేదని అనుకోకూడదు.

కట్టెలు, డేగిసాలు వంటక్క ఇస్తానంది. నీళ్ళు మోయడానికి మా తరగతి వాళ్ళం ఉన్నాం. దుప్పట్లు ఆరాలంటే వాన లేని రోజు కావాలి, అందుకని దసరా సెలవుల నుంచి అందరూ తిరిగొచ్చిన మొదటి శనివారం రాత్రి అయితే బాగుంటుందని మా గదిలో అనుకున్నాం.